మూడో సంతకం

12 ఫిబ్రవరి 1973

కాపాని సెలెక్ట్ చేశారు. అమెరికాకి. మూడు వారాలు.

నన్ను కాదు. పొరపాటేమోనని నోటీసు రెండుసార్లు చదివాను. కపితొలీనా గ్రిగోర్యెవ్నా, చరిత్ర శాఖ అని కాపా పూర్తి పేరే శుభ్రంగా టైపు కొట్టి ఉంది. మా యారొస్లావల్ ఇన్‌స్టిట్యూట్‌లో సోవియట్, అమెరికా అగ్రరాజ్యాల పోటీ గురించి పంతొమ్మిదేళ్ళుగా పాఠం చెప్తున్నది నేను. బెర్లిన్ దిగ్బంధం నుంచి చంద్రుడి దాకా ఏ ఏడాది ఎవరు ఎవరి మీద కాలు దువ్వారో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మ్యాపు చూడకుండా వాషింగ్టన్ వీధులు గీస్తాను. కానీ నేనింతవరకూ పోలెండ్ కూడా చూడలేదు. కాపాకి ముప్పై నాలుగు. నా స్టూడెంటు. పోట్స్‌డామ్ సమావేశంలో ఏం జరిగిందో దానికి చెప్పిందే నేను!

కడుపు మండిపోతోంది. ఇక్కడైనా నిజం రాసుకోవాలి కదా.

13 ఫిబ్రవరి

నొన్నాకి చెప్పాను. పెళ్ళాం కదా, కాస్త జాలి పడుతుందనుకున్నాను. బంగాళాదుంపలు చెక్కుతూ, నీ మొహానికి అమెరికా ఒక్కటే తక్కువైంది, ముందు ఆ కారే కుళాయి సంగతి చూడు అంది. కాసేపాగి, బూట్ల సైజు చెప్తే కాపా తనకో జత తెస్తుందేమో కనుక్కోమంది.

20 ఫిబ్రవరి

కాపా తన గుణగణాల పత్రం తెచ్చింది. విదేశం వెళ్ళాలంటే దాని మీద మూడు సంతకాలు పడాలి. డైరెక్టరు, పార్టీ కార్యదర్శి, యూనియన్ అధ్యక్షుడు. ఆ మూడోవాణ్ణి నేనే. మిగతా ఇద్దరూ పెట్టేశారు.

పత్రం ఎవరిది వాళ్ళే రాసుకోవడం మా దగ్గర మామూలే. పైవాళ్ళు సంతకం పడేస్తారంతే. రాజకీయంగా పరిణతి గలది, నైతికంగా దృఢమైనది, సహోద్యోగుల గౌరవం పొందినది అని రాసుకుంది. తప్పు పడదామని మూడుసార్లు చదివాను. కామా కూడా దొరకలేదు. రాయడం నేర్పింది నేనేగా.

అక్కడ పెట్టి వెళ్ళమన్నాను. సొరుగులో పడేశాను.

21 ఫిబ్రవరి

సంతకం పెట్టలేదు.

2 మార్చి

మాస్టారూ, నా కాగితం ఏమైంది అని అడిగింది. కమిటీ కూర్చోవాలమ్మా అన్నాను. అబద్ధం. పాపం, నమ్మింది. మీకు వీలైనప్పుడే పెట్టండి, తొందరేం లేదు అంది. ఆ మర్యాద చూస్తే ఇంకా ఒళ్ళు మండింది.

అక్కడి బడి పుస్తకాలు తెస్తుందట. ఈ పోటీ చరిత్ర వాళ్ళ పిల్లలకి ఎలా చెప్తున్నారో పక్కపక్కన పెట్టి చూస్తుందట. అది నా ఆలోచన! పదకొండేళ్ళ కిందట క్లాసులో నేనన్న మాట. దానికి గుర్తుంది, అన్నది ఎవరో గుర్తులేదు.

7 మార్చి

రేపు మహిళా దినోత్సవం. యూనియన్ తరఫున ఆడవాళ్ళందరికీ పసుపు మిమోజా పూల కొమ్మలు పంచాను. డైరెక్టరు గ్లాసెత్తి, మన అమెరికా అమ్మాయికి అన్నాడు. అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను. చేతులు ఎర్రబడేలా కొట్టాను.

9 మార్చి

చేసేశాను.

క్యాంటీన్‌లో పార్టీ కార్యదర్శి జ్మాకిన్ నా ఎదురుగా కూర్చున్నాడు. క్యాబేజీ సూప్. ఊరికే అడిగినట్టు, కాపా ఫారంలో కెనడా పిన్ని సంగతి రాసిందా అన్నాను.

విదేశాల్లో చుట్టాలున్నారా అన్న ప్రశ్నకి ఎవరూ లేరని రాసిందట. యుద్ధంలో జర్మన్లు పట్టుకుపోయిన పిన్ని తిరిగి రాలేదు, కెనడాలో బతికే ఉంది. ఆ సంగతి నాకు కాపాయే చెప్పింది, 1964లో, మా వంటింట్లో ఏడుస్తూ.

జ్మాకిన్ చెంచా కింద పెట్టాడు. సూప్ అయ్యేదాకా నాకు చాలా హాయిగా ఉంది.

రెండు దేశాల మధ్యా సిద్ధాంతాల పోరు అని ఇన్నేళ్ళూ పిల్లలకి చెప్పాను. ఏం సిద్ధాంతాలు నా మొహం! ఎదుటివాడి కంచంలోకి తొంగిచూడటమే అంతా.

16 మార్చి

కాపా పేరు కొట్టేశారు. నా పేరు రాశారు! ఫారం నింపమన్నాడు జ్మాకిన్. నొన్నా క్యాబేజీ కూరి పిరోగ్ రొట్టె చేసింది, కాగితం మీద పాదం పెట్టి కొలత గీసిచ్చింది.

19 మార్చి, ఉదయం 11

జ్మాకిన్ గదికి పిలిచారు. నేనెరగని మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. టీ పోయించాడు.

ఆ పిన్ని సంగతి మీకెప్పుడు తెలిసింది ఇన్నొకెంతి పావ్లొవిచ్ అని అడిగాడు. నేను, బుద్ధిలేనివాణ్ణి, 1964లో అన్నాను. తేదీతో సహా చెప్పాను. చరిత్ర మాస్టారిని కదా.

ఆయన ఫైల్లోంచి ఓ కాగితం తీసి నా ముందు పెట్టాడు. 1969లో కాపా బల్గేరియా వెళ్ళినప్పటి పత్రం. నమ్మదగినది, విదేశం పంపదగినది. కింద మూడో సంతకం నాది.

అయితే తొమ్మిదేళ్ళు దాచారన్నమాట అన్నాడు. టీ తాగండి, చల్లారిపోతుంది అన్నాడు.

20 మార్చి

నన్నూ పంపడం లేదు. యూనియన్ అధ్యక్ష పదవి నుంచీ తీసేశారు.

4 ఏప్రిల్

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది.

కాపా క్లాసులు తీసేసి లైబ్రరీలో వేశారు. నిన్నగాక మొన్న ట్రాలీబస్ స్టాపులో నన్ను పట్టుకుని, నలుగురూ చూస్తున్నా లెక్కచెయ్యకుండా భోరుమంది. మాస్టారూ, తొమ్మిదేళ్ళు నోరు విప్పలేదు, నాకోసం పదవి పోగొట్టుకున్నారు, మా నాన్న ఉన్నా ఇంత చేసేవాడు కాదు అంది. పిన్ని సంగతి వాళ్ళ ఊళ్ళో పాత పొరుగావిడ ఎవరో పైవాళ్ళకి ఉత్తరం రాసి ఉంటుందట. ఆవిడ నోట్లో పురుగులు పడ అని తిట్టింది.

చెప్పాలనే అనుకున్నాను. బస్సు వచ్చింది. ఎక్కేశాను.

నేను దాచానన్న మాట ఇన్‌స్టిట్యూట్ అంతా పాకింది. ఎవరూ పైకి అనరు. కానీ క్లాసులోకి వెళ్తే పిల్లలు ఇదివరకటి కంటే చప్పుడు లేకుండా, నిటారుగా లేచి నిలబడుతున్నారు. వాచ్‌మన్ ముసలాయన టోపీ తీస్తున్నాడు. పంతొమ్మిదేళ్ళలో ఎవరూ నాకు టోపీ తియ్యలేదు.

వీళ్ళందరూ గౌరవిస్తున్న ఆ ఇన్నొకెంతి పావ్లొవిచ్ ఎవడో గానీ, వాడి మీద నాకు పట్టరాని అసూయగా ఉంది.

11 మే

అమెరికా జ్మాకిన్ వెళ్ళాడు.

28 మే

ఈ రోజు లైబ్రరీలో కాపా ఎవరికీ తెలియని ఇంకో సంగతి చెప్పబోయింది. వద్దమ్మా, నాకు చెప్పకు అని బతిమాలాను. మీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను మాస్టారూ అంది.

అంతా విన్నాను. ఇక్కడ రాయను.