పక్క చేని గాలి విషయమై

శ్రీ అక్షయ్ గారికి,
సుస్థిర సాగు విభాగం సమన్వయకర్త,
పడమటి మైదానాల ద్రాక్ష, వైన్ ఉత్పత్తిదారుల సంఘం, టెక్సాస్.

విషయం: పక్క పత్తి చేలో కొట్టిన కలుపు మందు గాలికి కొట్టుకువచ్చి నా ద్రాక్ష తీగలను చంపుచున్నందున, సంఘం తరఫున ఎవరైనా వచ్చి మాట్లాడవలసిందిగా ప్రార్థన.

అయ్యా,

మీరు డాలస్ పక్క కాపెల్‌లో మా వెనక వీధిలో పెరిగిన పిల్లవారు, నన్ను అంకుల్ అంటారు. అయినా కుర్చీ మర్యాద కుర్చీకి ఇవ్వాలి కనుక అయ్యా అనే రాస్తున్నాను. "తెలుగులో రాయండి అంకుల్, స్లోగా రీడ్ చేస్తా" అని ఫోన్‌లో మీరే అన్నారు.

నేను ఇర్వింగ్‌లో ఇరవై రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, లబ్బక్ దగ్గర ఆరెకరాల తోట కొన్నవాడిని. వైన్ ముట్టను. మా ఆవిడ శాంతి బంధువులతో "ద్రాక్ష తోట" అని, అక్కడితో ఆపుతుంది.

1. సంఘం వారి సుస్థిర సాగు పుస్తకంలో నూరు అంశాలుండగా, ఎనభై మార్కులు దాటిన సభ్యులకే ఆకుపచ్చ బోర్డు ఇచ్చెదరు. ఆ బోర్డు లేని తోట పండును మా వైనరీ వారు కొనరు. అందుచేత వరుసల మధ్య పచ్చిరొట్ట చల్లితిని. డ్రిప్ వేయించితిని. ఎలుకల నిమిత్తం గుడ్లగూబలకు గూడు కట్టించితిని. గుడ్లగూబ కాపురానికి వచ్చిన నాటినుంచి శాంతి తోటకు రావడం మానేసింది. నేను ప్రతి శుక్రవారం కాపెల్ నుంచి ఐదు గంటలు డ్రైవ్ చేసి వచ్చుచున్నందుకు, ఆ కారు పెట్రోలు నిమిత్తం మూడు మార్కులు తగ్గించారు.

2. నా తోటలో ఒక్క చుక్క కలుపు మందు వాడలేదు. పక్కన హార్లన్ గారి పత్తి చేను ఉన్నది, ఆ మందుకు తట్టుకునే రకం పత్తి. గత రెండు వేసవుల్లోనూ ఆయన మందు కొట్టిన రోజున గాలి ఇటే తిరిగింది. పది రోజులకు లేత ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. పదకొండు వరుసలు చచ్చిపోయాయి. మిగిలినవి ఇంకొక్కసారి తట్టుకోలేవని మీరు పంపిన నిపుణురాలే చెప్పారు.

3. పుస్తకంలో కంచె లోపలి అంశాలు తొంభై ఐదు. కంచె అవతలివి ఐదే, వాటికి ఇరుగుపొరుగు అధ్యాయమని పేరు. "పొరుగు రైతుతో సత్సంబంధాలు కలవా?" అన్నచోట హార్లన్ గారు సంతకం చేసి, "ఇంతకన్నా మంచి పొరుగువాడు దొరకడు" అని కూడా రాశారు. ఐదుకు ఐదు వచ్చి మొత్తం ఎనభై రెండు అయినవి. ఇప్పుడు వ్యవసాయ శాఖకు ఆయనపై ఫిర్యాదు చేస్తే ఆ ఐదూ పోతాయి, బోర్డు పోతుంది. చేయకపోతే తోట పోతుంది. తోట పోయాక ఆ బోర్డు దేనికి తగిలించుకోమంటారు?

4. ఆయన చెడ్డవాడైనా బాగుండును. మొన్న వడగళ్ళకు నా పందిరి కూలితే పిలవకుండానే ట్రాక్టర్ వేసుకొని వచ్చారు.

5. మీ వర్క్‌షాప్‌లో ఈ సంగతి అడిగినప్పుడు "పొరుగువారితో సంభాషణ పెంచుకోండి" అని స్లైడ్ చూపించారు. దాన్ని ఫొటో తీసుకున్నాను. అప్పుడప్పుడు తీసి చూసుకుంటున్నాను.

కావున గాలి ఇటు వీచే రోజున మందు కొట్టవద్దని సంఘం మాటగా హార్లన్ గారికి చెప్పవలెనని, అందుకు నా మార్కులు తగ్గించరాదని ప్రార్థించుచున్నాను. నాకు చేతనైనదంతా చేశాను. ఇక చేతకావడం లేదు. తీరిక చేసుకొని పై సంగతులు చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు, తమ సంఘ సభ్యుడు,
పద్మనాభం

తా.క. అక్షయ్, ఇది ఫొటో తీసి నీకు పంపబోతుంటే, నన్ను ప్యాడీ అని పిలిచే హార్లన్ గారు కంచె దగ్గరికి వచ్చారు. "మండే స్ప్రే చేద్దామనుకుంటున్నా ప్యాడీ. నీ తీగలకేమైనా ప్రాబ్లమా? అయితే చెప్పు, ఆపేస్తా" అన్నారు. రెండేళ్ళూ ఇలాగే అడిగి మరీ కొట్టారు. ఆకులెందుకలా అయ్యాయని కూడా ఆయనే అడిగితే, నీళ్ళు చాలలేదన్నాను.

ఇవాళ కూడా "అబ్బే, నో ప్రాబ్లం, కానివ్వండి" అన్నాను. మనిషి ఎదురుగా నిలబడి అంత మర్యాదగా అడిగితే నాకు కాదనడం రాదు బాబూ. నువ్వు ఇక్కడ పుట్టినవాడివి, నీకు వచ్చు. సోమవారంలోపు రా.