‘చాలా సులభం’ అన్న నా అభిప్రాయం రద్దు కోరుతూ

పరిపాలనాధికారి గారి సముఖమునకు,
ప్రభుత్వ కంటి ఆసుపత్రి.

అయ్యా,

విషయం: తమ ఆసుపత్రి మొబైల్ యాప్‌పై నేనిచ్చిన అభిప్రాయాన్ని రద్దు చేయుట, మా పెద్దమ్మ ఆపరేషన్ తేదీని పునరుద్ధరించుట గురించి.

కళాశాలలో తర్కశాస్త్రం బోధించే నేను సవినయంగా విన్నవించుకునేది ఏమనగా:

1. నిరుడు ఈ యాప్‌ను విడుదలకు ముందు వాడి చూడమని తమరు పిలిచిన పన్నెండు మందిలో నేనూ ఒకదాన్ని. గంటసేపు వాడి, ఇరవై ప్రశ్నలకు జవాబులు గుర్తించమన్నారు. ఆ గంటలో నేను తెరిచింది తమ యాప్‌ను కాదు. నా ఫోన్‌లో బుడగలు పేల్చే ఆట ఒకటుంది. అప్పటికి మూడు వందల పద్దెనిమిదో లెవెల్‌లో ఉన్నాను. చివరి ఐదు నిమిషాల్లో ఇరవై ప్రశ్నలకూ ‘చాలా సులభం’ అని టిక్కు పెట్టి వచ్చేశాను.

2. ‘వాడి చూసినవారందరూ సులభమని ధ్రువీకరించినందున’ నమోదు కౌంటరు మూసివేసినట్టు తమ నోటీసు బోర్డులో చదివాను. ఆ అందరిలో నేనున్నాను. మిగతా పదకొండు మందీ నాలాంటివాళ్లేనేమో అన్న సందేహం నాకు కాస్త ఊరటనిస్తోంది. ఆ ఊరటకూ సిగ్గుపడుతున్నాను.

3. ఆలస్యంగానైనా నా అసలు అభిప్రాయం: చూపు మందగించినవారి యాప్‌లో తెల్లటి తెరమీద లేత బూడిదరంగు అక్షరాలు ఎందుకో బోధపడలేదు. అక్షరాలు పెద్దవి చేస్తే బటన్లు కిందికి జారి మాయమవుతున్నాయి. ఓటీపీకి గడువు నలభై సెకన్లు. నా బుడగల ఆట పనికిమాలినదే గాని, మానేస్తానంటే ‘నిజంగానేనా?’ అని రెండుసార్లు అడుగుతుంది. తమ యాప్ ఒక్కసారీ అడగదు.

4. మా పెద్దమ్మ బట్టలు కుడుతుంది. కుడికన్ను ఎప్పుడో పోయింది, ఎడమకంట్లో శుక్లం ముదిరింది. సూదిలో దారం నేనెక్కిస్తే కాజాలు వేళ్లతో తడిమి కుడుతోంది. ఐదు నెలలు ఎదురుచూస్తే తేదీ వచ్చింది, ఖాయం చేయమన్నారు. ఓటీపీ ఆమె ఫోన్‌కు వచ్చింది. అంకెలు చెప్పమంటే, “ఆగవే, ఇది మూడో ఎనిమిదో తెలిసి చావట్లేదు” అంది. నేనే వంగి చూసి, గడువులోపలే కొట్టాను. తర్వాత రెండు బటన్లు వచ్చాయి, ఒకటి బూడిదరంగుది, ఒకటి ఆకుపచ్చది. ఆటలో ముందుకు పోయే బటన్ ఎప్పుడూ ఆకుపచ్చే. చదవకుండా నొక్కాను. తేదీ రద్దయింది. “నేను తడుముకునేసరికి టైమైపోయుంటుందే” అంది పెద్దమ్మ. నేను కాదనలేదు. ఇది జరిగి తొమ్మిది రోజులు.

5. ఆసుపత్రికి ఫోన్ చేస్తే యాప్‌లో చూసుకోమన్నారు. యాప్‌లో చూస్తే ఆసుపత్రికి ఫోన్ చేయమంది.

కావున తమరు నా ఇరవై టిక్కులనూ కొట్టివేయించి, కౌంటరు తిరిగి తెరిపించి, మా పెద్దమ్మకు పాత తేదీనే ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయండి, ఆమెను మళ్లీ వరుస చివరికి పంపకండి. ఈ మనవిని దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
(రోగి చెల్లెలి కూతురు)

తా.క.: రోగి సంతకం కూడా ఉండాలని తమ గుమాస్తా అన్నారు. చదివి వినిపిస్తేనే చేస్తానంది పెద్దమ్మ. మొదటి అంశం విని, “ఇరవై ప్రశ్నలకూ ఒకటే జవాబు రాస్తే మీ పిల్లలకు మార్కులేస్తావా?” అని అడిగింది. నాలుగోది వదిలేసి ఐదులోకి వెళ్లాను. మూడు తర్వాత ఐదేమిటంది. వెనక్కి వెళ్లి చదివాను. కలం అడిగి, ఎక్కడ పెట్టాలో నన్ను అడక్కుండానే సంతకం పెట్టింది. అది సరిగ్గా నాలుగో అంశం మీద పడింది. ఇంకో కాగితం మీద రాసి తెస్తానన్నాను.

“కొట్టేసినట్టుంటుందిలే, ఉండనీ” అంది.

ఆ పంక్తులు చదవడం తమకు కష్టం కావచ్చు. వాటిని కొట్టేసింది మాత్రం నేను కాదు.