పిల్లచేపలు కనబడటం లేదు

మార్చి 4
సర్వే షిప్ ఈ ఏడూ రిపేరులోనే ఉంది. అయినా సముద్రంలో చేప ఎంత మిగిలిందో నేను లెక్కకట్టి చెప్పాలి, ఈ సీజను వేటకి అనుమతి దాన్నిబట్టే. చేతిలో ఉన్న డేటా ఇంతే: మార్కెట్ షెడ్డులో కొలిచిన పొడవులు, పడవలవాళ్ళు నోటితో చెప్పిన బరువులు. వంటింటి వాసన చూసి ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పమన్నట్టుంది.

మార్చి 9
పొద్దుటినుంచి షెడ్డులో స్కేలు పట్టుకుని కూర్చున్నాను. చేపలన్నీ పెద్దవే, బాగా బలిసినవి. ఇంత మంచి సరుకు చూసి ఎన్నాళ్ళయిందో అని వేలంపాటాయన మురిసిపోయాడు. నేను మాత్రం గంపలన్నీ తిరగేశాను. పిల్లచేపలు లేవు. ఒక్క గంపలోనూ లేవు. ఈ పెద్దవి అయిపోతే వెనక వచ్చేవి లేవన్నమాట.

మార్చి 10
వల కన్ను పెద్దదై చిన్నవి జారిపోతున్నాయేమో. అదే అయితే బాగుండు.

మార్చి 15
అన్నయ్యది సొంత పడవ. వెళ్ళి వల చూశాను. కన్నులో నా చిటికెనవేలు కూడా దూరలేదు.
ఇప్పుడు పడవలన్నీ నీళ్ళకింది ఒకే దిబ్బ దగ్గరికి వెళ్తున్నాయట. మిగతా చోట్ల ఏముందే, అక్కడైతే వేసిన వల వేసినట్టే నిండుతుంది అన్నాడు. అందుకా సరుకు తగ్గనిది! మిగిలిన చేపంతా ఒక్కచోటికి చేరింది. ఆ మాటే చెప్పాను. నీ లెక్కలు నీళ్ళమీద రాతలే పిచ్చిమొహమా, నా కళ్ళముందు కుప్పలుంటే లేవంటావేంటి అని నవ్వాడు. కొత్త ఇంజన్ బిగించుకున్నాడు. వదిన దాన్ని తుడిచి తుడిచి మెరిపించింది.

మార్చి 22, సాయంత్రం
కంప్యూటర్లో లెక్కకట్టే మోడల్ రెండు అంకెలిచ్చింది. బరువులు నమ్మితే సముద్రం నిండుగా ఉంది. పొడవులు నమ్మితే అడుగంటింది. మా ఫిషరీస్ ఆఫీసు డైరెక్టరుగారు రెండూ చూసి, ఎందుకమ్మా గొడవ, మధ్యలో ఏదో ఒకటి వేసేద్దాం అన్నారు. రెండిట్లో ఒకటే నిజం సార్, మధ్యలో ఏమీ లేదు, ఈ సీజను వేట ఆపిద్దాం అన్నాను. ఆపితే మీ అన్నయ్యే ముందు మన గుమ్మంలో కూర్చుంటాడు అన్నారు. పెన్ను నావైపు జరిపారు.

మార్చి 23
మధ్య అంకె కింద సంతకం పెట్టాను.

ఏప్రిల్ 3
రికార్డు. అన్నయ్య పడవ అంచులదాకా నిండి వచ్చింది. షెడ్డులో కాలు పెట్టే చోటు లేదు. ఒక చేప పొట్ట కోశాను. గుడ్లు. ఇంకోటి. గుడ్లు. ఇంకోటి కోయలేకపోయాను. ఏమే లెక్కల మాస్టారూ, ఇప్పుడేమంటావ్ అని అన్నయ్య భుజం తట్టాడు. వాడి మొహంలో ఎంత సంతోషమో.

ఏప్రిల్ 13
దిబ్బ దగ్గరినుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. మూడుసార్లు వేశానే, వల ఖాళీ అన్నాడు. ఇంజన్ ఆపేసినట్టున్నాడు. పడవకి నీళ్ళు తగులుతున్న చప్పుడు. నేనూ ఫోన్ పెట్టలేదు.