పసుపు తగ్గించిన ఫొటో

అక్కా, ఎలా ఉన్నావని అడగలేను... నువ్వు వెళ్లిపోయి ఏడు నెలలైంది. నేను మాత్రం ఏమీ బాగా లేను.

పోయిన వారం బావ, బందరులో నేను ఫొటోలు దిద్దే స్టూడియోకి వచ్చారు. హాల్లో పెట్టడానికి నీ ఫొటో ఒకటి పెద్దది చేయమన్నారు. అవనిగడ్డ చర్చిలో మన పెదనాన్న కూతురు సునీత పెళ్లిలో, పెళ్లికూతురి పక్కన నిలబడి నవ్వుతున్నావే... అది. ఆ ఆల్బం చేసింది నేనే. ఆ తర్వాత మూడు నెలలకే కదా నీ కాలేయం జబ్బు బయటపడింది?

పెద్ద సైజు కాబట్టి కెమెరా తీసిన అసలు ఫైలు తెరిచాను. నీ చీర వెలిసినట్టుందని శాచురేషన్ పెంచాను. ఆకుపచ్చ నిగనిగలాడింది గానీ, నీ ముఖం పసుపు ముద్దలా అయింది. అది అన్ని రంగులనీ ఒకేలా గాఢం చేస్తుంది మరి. వెనక్కి తెచ్చి వైబ్రెన్స్ పెంచాను. అది వెలిసిన రంగుల్నే ఎక్కువగా లేపుతుంది, ముఖాల జోలికి అంతగా పోదు. అయినా నీ కళ్లు... తెల్లగా ఉండాల్సిన చోట పసుపుగానే ఉన్నాయి.

లైట్ల వల్లేమో అనుకున్నాను. అలాగైతే పక్కనున్న సునీత తెల్లచీరా పసుపెక్కాలి కదా? అది మల్లెపువ్వులా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆల్బం చేసేటప్పుడు ఒక్క పసుపు రంగుకే శాచురేషన్ తగ్గించాను. ముఖాలు తేటగా వస్తాయని ఎప్పుడూ చేసేదే. ఒక ఫొటోకి చేసి, మిగతా అన్నిటికీ అదే మార్పు ఒక్కసారిగా పెట్టేశాను. నీ కళ్లు తెల్లబడ్డాయి. ఎంత కళగా ఉన్నావో చూడమని నీకే వాట్సాప్‌లో పంపాను.

"నా రంగు నాకుంచవే! మీ బావ గుర్తుపట్టకపోతే నీదే పూచీ" అన్నావు.

నేను చూసి కూడా చెరిపేశానా అక్కా? అసలు చూశానా? ఆ మూడు నెలల ముందే తెలిసుంటే...?

రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి పెడన వెళ్లి బావకి రెండు ఫొటోలూ చూపించాను. నీకు ఒంట్లో బాగుండటం లేదని పెళ్లికి ముందే తనకి చెప్పావట. ఆస్పత్రికి వెళ్దామంటే, "పెళ్లవనివ్వండి, వాళ్ల సందడి పాడు చేయొద్దు" అన్నావట. ఇన్నాళ్లూ ఆ మాట ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. ఇద్దరం ఏడ్చాం. నా గుండెలో బరువు తగ్గిందో పెరిగిందో తెలియలేదు.

హాల్లోకి ఏది చేయమంటారని అడిగితే, రంగు ముట్టుకోనిదే చేయమన్నారు. చేసిచ్చాను.

ఇప్పుడు ఏ ఆల్బం తెరిచినా ముందు కళ్లే చూస్తున్నాను. నిన్న గుడివాడ పెళ్లి ఫొటోల్లో ఒక పెద్దావిడ కనిపించింది. చుట్టూ ఉన్నవాళ్ల చొక్కాలు తెల్లగానే ఉన్నాయి, ఆవిడ కళ్లు మాత్రం పసుపు. ఫోన్ చేయాలా? నేనేమైనా డాక్టర్నా? శుభమా అని పెళ్లైన ఇంటికి ఇలాంటి మాట ఎలా చెప్పను? పూటంతా కొట్టుమిట్టాడి, చేశాను.

పెళ్లికొడుకు తండ్రి ఎత్తారు. ఆవిడ ఆయన అక్కగారట. "ఫొటోలు దిద్దడం మీ పని, అది చూసుకోండమ్మా" అని పెట్టేశారు. సాయంత్రం ఆయనే మళ్లీ చేసి, పొద్దున్నే రక్తపరీక్షకి తీసుకెళ్తున్నామన్నారు. ఈసారి గొంతు తగ్గింది.

ఆ పరీక్ష ఇవాళే. మధ్యాహ్నమైంది... ఇంకా కబురు లేదు. ఆవిడకేమీ లేదని తేలాలి, అనవసరంగా హడలగొట్టావని ఆయన నన్ను నోటికొచ్చినట్టు తిట్టాలి. అదే ప్రార్థన చేస్తూ కూర్చున్నాను అక్కా.

నీ చెల్లి,
రూతు