5.2 పక్కన ప్రశ్నార్థకం

బావా,

ముందు కంప్యూటర్ ప్లగ్ పీకెయ్. పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టు. పక్క డోర్ తీస్తే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. దాన్ని మెల్లగా బయటికి తీసి, పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టు. నువ్వు పెంచిన స్పీడంతా పోయి పాత సెట్టింగులు వస్తాయి. అప్పుడు ఆన్ చెయ్. ఇక దేన్నీ ముట్టుకోకు.

నిన్న ఆన్ కాకపోతే "కరెంటు హెచ్చుతగ్గులే హిమజా" అన్నావు. నమ్మి, పొద్దున్నే లైన్‌మన్ పిచ్చయ్య బాబాయిని వీధిలో నిలబెట్టి కడిగేశాను. పాపం, ఎండలో రెండుసార్లు స్తంభం ఎక్కాడు. ఇప్పుడు కీబోర్డు కింద నీ కాగితం దొరికింది. ప్రాసెసర్ స్పీడు 4.8 గిగాహెర్ట్జ్‌కి టిక్కు, 5.0కి టిక్కు, 5.2 పక్కన ప్రశ్నార్థకం! దాని వెనకాలే ఇది రాస్తున్నా.

సాయంత్రం ఆరింటికి నా కొత్త ఉద్యోగం టెస్టు ఆ కంప్యూటర్లోనే రాయాలని తెలీదా? మాచర్ల ఎండకి మనుషులకే బుర్ర పనిచెయ్యట్లేదు, ప్రాసెసర్‌ని పరిగెత్తిస్తావా? కాగితం పైన "హిమజ టెస్టుకి" అని రాసి కింద రెండు గీతలు గీశావు. అది చూసి నవ్వొచ్చింది, కోపం మాత్రం తగ్గలేదు. కాలేజీలో పాఠం చెప్పి నాలుగున్నరకల్లా వస్తా. అప్పటికి స్క్రీన్ వెలగకపోతే నాతో మాట్లాడకు.

ఫ్రిజ్‌లో మజ్జిగ సీసా ఉంది, బాబాయికి ఇచ్చిరా. తప్పు కరెంటుది కాదు, మా ఆయనదని నేను చెప్పమన్నానని చెప్పు.

"మా ఆయన" అని రాయడం ఇదే మొదటిసారి. చానా బాగుంది. కానీ తప్పు నీదే.