కిటికీ పక్కన మూరెడు మడి

గద్వాల, జూన్ 3

రామచంద్రయ్య సార్ గారికి నమస్కారం.

నేను యమునను. పొద్దున్నుంచి ఒంటి గంటదాకా మీరు దస్తావేజులు రాసే బల్ల దగ్గరే, మధ్యాహ్నం నుంచి కూర్చునే అమ్మాయిని. ఒకే గదికి ఇద్దరం అద్దె కడుతూ ఇంతవరకు ముఖాలు చూసుకోలేదు. ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. అందుకే ఈ ఉత్తరం.

కిటికీ పక్కన మూరెడు గాజు తొట్టి పెట్టాను సార్. అడుగున మట్టి, పైన నీళ్లు, నీళ్లలో సన్నగడ్డి లాంటి మొక్కలు. అవి వేళ్లు పట్టాక, నెల రోజులకు చిన్న చేపలను వదులుతాను. ఇలాంటివి చేసి అమ్మాలని నా ఆశ. కొత్తగా దవాఖాన పెడుతున్న పళ్ల డాక్టరు సుదర్శన్ గారు జూలై 10 సాయంత్రం చూడటానికి వస్తున్నారు. నచ్చితే అదే నా మొదటి ఆర్డరు! సంతోషంతో అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. తొట్టిని జర కనిపెట్టుకొని ఉండండి.

ఇట్లు,
యమున

తా.క.: ఇప్పుడు చూస్తే అందులో పనికొచ్చేది ఏమీ లేనట్టే ఉంటుంది. ఉంది సార్, నమ్మండి.

గద్వాల, జూన్ 5

చిరంజీవి యమునకు రామచంద్రయ్య ఆశీస్సులు.

ఫోన్‌లో అన్న మాటకు సంతకం ఉండదు బిడ్డా, ఉత్తరమే మేలు. తొట్టి చూశాను. హద్దులు: తూర్పున కిటికీ, పడమర నా స్టాంపుల డబ్బా, ఉత్తరాన గోడ, దక్షిణాన మంచినీళ్ల కుండ. జాగా బాగుంది.

కనిపెట్టుకొని ఉండమన్నావు, ఉన్నాను. మడి నిండా తుంగ పడింది. మా ధరూరులో పక్కవాళ్ల మడిలో కలుపు కనబడితే పీకి గట్టున వేస్తాం, ఒకరితో చెప్పించుకోం. చొక్కా చేతులు మడిచి వేళ్లతో సహా తీసేశాను. నీళ్లు తేటపడ్డాయి. ఇక నువ్వు నిశ్చింతగా నారు పోసుకో.

ఇట్లు,
నీ మేలు కోరే రామచంద్రయ్య

తా.క.: మెచ్చుకోవలసిన పనిలేదు. ఆ గడ్డి మా బర్రెకు తీసుకుపోతున్నాను.

గద్వాల, జూన్ 5, సాయంత్రం

సార్!

నమస్కారం తర్వాత పెడతాను. అది కలుపు కాదు, అదే పంట! హైదరాబాదు నుంచి తెప్పించాను. మళ్లీ రావాలంటే పన్నెండు రోజులు. తొట్టి ముందు కూర్చొని ఏడ్చాను సార్. అదృష్టం కొద్దీ సొరుగులో తడిబట్ట చుట్టిన మొక్కల పొట్లం ఇంకొకటి ఉంది, ఇప్పుడే నాటాను. చేతులెత్తి దండం పెడతాను, ఏమీ పీకొద్దు.

ఇట్లు,
కళ్లు తుడుచుకుంటూ యమున

తా.క.: బర్రె తిన్నదా?

గద్వాల, జూన్ 7

చిరంజీవి యమునకు,

తప్పయింది బిడ్డా. రెండు రోజులుగా నాకు ముద్ద దిగలేదు. నువ్వు పీకొద్దన్నావు, పీకలేదు. తీసి నాటాం, అంతే. అంగడికి వచ్చిన మా ఇంటామె బాలమణి తొట్టి చూసి, "ఏంది గిది! సల్లినట్టు ఆడొకటి ఈడొకటి! గిట్లుంటె గాలెట్ల తగుల్తది?" అని కొంగు నడుముకు చుట్టింది. నేను దారం పట్టాను, ఆమె సాలు తప్పకుండా నాటింది. నాట్ల పాట కూడా పాడింది. కింద జిరాక్సు షాపువాళ్లు పని ఆపి పైకి వచ్చారు. ఎంత ముచ్చటగా ఉందో చూడు!

ఇట్లు,
రామచంద్రయ్య

తా.క.: బర్రె వాసన చూసి మూతి తిప్పుకుంది. ఆ గడ్డిని అది నీళ్లు తాగే గాబులోకే విసిరేశాం.

గద్వాల, జూలై 8, సాయంత్రం

కాకా, నమస్కారం.

ఇన్నాళ్లూ వేళ్లు కదులుతాయని భయపడి ఆ వరుసలు ముట్టుకోలేదు. మొక్కలు బతికాయి, చేపలూ వచ్చాయి, మీకు దండాలు. కానీ డాక్టరు గారికి నేను చూపించిన ఫోటో అడవిలా పెంచిన తొట్టిది. వరి మడిని చూస్తే నవ్విపోతారు. అందుకే ఈ సాయంత్రం వరుసలన్నీ చెరిపి అడవి చేశాను. చిన్నమ్మ కోపం చేసుకోవద్దని చెప్పండి. ఎల్లుండిదాకా ఆ కిటికీ వైపు కూడా చూడకండి కాకా, నా బతుకుదెరువు అందులోనే ఉంది.

ఇట్లు,
యమున

తా.క.: చేపలు ఆరు. నేను వచ్చేసరికి ఆరే ఉండాలి.

గద్వాల, జూలై 9

చిరంజీవి యమునకు,

బిడ్డా, నిన్న పొద్దునే నీ డాక్టరు వచ్చాడు, దవాఖాన కిరాయి కాగితం రాయించుకోవడానికి. కాగితం సంగతి మరిచి తొట్టి ముందే నిలబడ్డాడు. "మా ఊరు ఉప్పునుంతలల నాట్లేసినట్టే ఉన్నది కాకా! మా అమ్మ గిట్లనే నాటేది. అడవి ఫోటోలు యాడనన్న దొరుకుతయి, నాకు గిదే కావాలె" అన్నాడు. ఒకటి కాదు, రెండు తొట్లు! వచ్చే వారమే దవాఖాన ప్రారంభమట. రేపు సాయంత్రం వాళ్లమ్మను కూడా తీసుకొస్తాడు. ఊరికి పోయే ఆటో కదులుతుంటే నీకు రాయకుండానే పరుగెత్తాను. ఇవాళ వచ్చి చూస్తే పంట దున్నేసి ఉంది.

భయపడకు. బాలమణిని పిలిపించాను. పన్నెండు కొట్టేసరికి సాళ్లన్నీ మళ్లీ నాటేశాం. చేపలు ఆరే.

ఇట్లు,
నీ కాక రామచంద్రయ్య

తా.క.: రెండు తొట్లకు మొక్కలు హైదరాబాదు నుంచి ఎప్పుడు వస్తాయో అని దిగులుపడకు. ఆనాటి కలుపు మా గాబు నిండా పరుచుకుంది. బర్రె మూతి పెట్టడానికి సందు లేదు. ఆదివారం ధరూరు రా. ఈసారి పీకడం నీ వంతు.