బ్యాలెన్స్ ఎటు పోయింది

ఆగస్టు 3, 2008

బ్యాలెన్స్ మళ్లీ లేదు. నిన్న సాయంత్రమే ఆయన మిల్లు నుంచి వస్తూ రీచార్జ్ చేయించారు. ఇవాళ అక్కకి చేద్దామని తీస్తే, ఖాతాలో ఏమీ లేదంటోంది. నేను ఎవరికీ చెయ్యలేదు. ఒక్కరికీ.

అక్కని కొవ్వూరు నుంచి మద్రాసు తీసుకెళ్లి వారం దాటింది. గొంతులో కాన్సర్. మాట పలికే భాగం తీసేస్తారట. ప్రాణం దక్కుతుంది, మాట ఉండదు. ఆపరేషన్ లోపు రోజూ మాట్లాడుకుందామే అంది. ఆ బొంగురు గొంతుతోనే నవ్వింది కూడా... "తర్వాతంతా నువ్వే వాగాలి, నీకు పండగే."

వెళ్దామంటే అత్తయ్యగారు తుంటి విరిగి మంచంలో ఉన్నారు. లేపాలన్నా, పడుకోబెట్టాలన్నా నేనే. మండపేట దాటడం నా వల్ల అయ్యే పని కాదు.

ఆగస్టు 5

మళ్లీ రీచార్జ్. మళ్లీ ఖాళీ.

అన్నం కలుపుతూ, తలెత్తకుండా అడిగారు — "ఎవరితో మాట్లాడుతున్నావ్?"

అక్కతోనండి.

"మీ అక్కతో నిన్న మాట్లాడింది కాసేపే. నేనిక్కడే ఉన్నాగా. మిగతాదెవరితో?"

కాల్ లిస్టు తీసి చూపించాను. అక్కది తప్ప వేరే నంబరే లేదు. "చెరిపేస్తే ఎలా ఉంటాయి?" అన్నారు.

పెళ్లయి ఇన్నేళ్లు. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారో...

ఆగస్టు 6

కస్టమర్ కేర్‌కి చేశాను. ఎవరో అమ్మాయి. "మీరు ఇంటర్నెట్ వాడారండి, ఆ చార్జీలే." ఇంటర్నెట్టా? ఈ ఫోన్లోనా? నేను వాడలేదమ్మా అంటే, "సిస్టంలో అలాగే చూపిస్తోందండి." ఆపేయమన్నాను. టైం పడుతుందంది.

ఆయనకి చెప్పాను. నవ్వారు. "నీకు ఇంటర్నెట్ ఎవరు నేర్పారు?"

నేర్పినవాడు కూడా పుట్టుకొచ్చాడన్నమాట.

ఆగస్టు 7

ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని మిల్లుకి వెళ్లిపోయారు. నేను అడ్డం పడలేదు. పడితే తప్పు ఒప్పుకున్నట్టే.

ఆగస్టు 8

ఎస్టీడీ బూత్ దాకా వెళ్లాను. రిసీవర్ ఎత్తాక గుర్తొచ్చింది — బావగారు మద్రాసులో కొత్త నంబరు తీసుకున్నారు. అది ఆ ఫోన్లోనే ఉంది. నాకు నోటికి రాదు. కొవ్వూరు ఇంటికి చేశాను. మోగింది, మోగింది...

ఆయన్ని నంబరు అడిగాను. "అర్జంటైతే వాళ్లే చేస్తార్లే."

ఆగస్టు 9

అత్తయ్యగారు — "మొహం అలా ఉందేంటే?" ఏం లేదండి అన్నాను. ఆవిడకీ చెప్పారేమో. నా భుజం పట్టుకుని లేస్తూ నా కళ్లలోకి చూడలేదు.

ఆగస్టు 11

ఆపరేషన్ పొద్దున్నే అయిపోయిందట.

మిల్లు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ చెప్పారు. నిన్న సాయంత్రం బావగారు చాలాసార్లు చేశారట. "మిల్లు ఆడుతోంది. ఆ చప్పుడులో ఏం వినపడుద్ది? ఇందాక మళ్లీ చేస్తే ఎత్తాను."

నిన్న సాయంత్రం. అక్కకి గొంతున్న ఆఖరి సాయంత్రం.

ఏడుపు రాలేదు. అత్తయ్యగారికి జావ కాచి పట్టాను.

ఆగస్టు 12

రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 13

మధ్యాహ్నమే ఇంటికొచ్చారు. ఫోన్ తెచ్చి నా ముందు పెట్టారు. "దీనికేదో రోగం. నా జేబులో ఉన్నా బ్యాలెన్స్ పోయింది." రీచార్జ్ కొట్టతను చూశాడట. మధ్య బటన్ దానంతటదే నొక్కుకుంటే నెట్ తెరుచుకుంటుందట. జేబులో ఉన్నా, పర్సులో ఉన్నా. చాలామందికి ఇలాగే పోతోందట.

అంతే. ఇంకేదో అంటారని నిలబడ్డాను.

"మంచినీళ్లివ్వు" అన్నారు. ఇచ్చాను.

డబ్బు పోయిన దారి తెలిసింది. నా మీద వేసిన మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఆగస్టు 16

ఫోన్ మోగింది. బావగారు. "మీ అక్క చెవి దగ్గర పెడుతున్నానమ్మా. మాట్లాడు, వింటుంది."

అక్కా అన్నాను. అవతల ఊపిరి... గరగరమంటూ, ఎక్కడినుంచో వస్తున్నట్టు. నొప్పిగా ఉందా, ఏమైనా తాగుతున్నావా — అడుగుతూనే పోయాను. జవాబు రాదని అడిగాక గుర్తొస్తోంది.

మళ్లీ బావగారు. "పలక మీద ఏదో రాస్తోంది, ఉండమ్మా... ఆ రోజు ఎందుకు ఎత్తలేదంటోంది. నీ కోసం చాలాసేపు కూర్చుందిలే, పడుకోమన్నా పడుకోకుండా."

ఆయన గుమ్మంలో ఉన్నారు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. చెయ్యి ఆగిపోయింది. నా మొహంలోకే చూస్తున్నారు.

"హలో... లైన్లో ఉన్నావా అమ్మా?"

ఉన్నానండి అన్నాను.